రెండు ముడుల మూట

పిండి కలపాలి. కలిపిన ముద్దని అరగంట నీళ్ళలో నాననివ్వాలి. ఆ అరగంటలో అమ్మకి పొద్దుటి మాత్రలు ఇవ్వాలి; నాలుగు, అందులో తెల్లది సగానికి విరిచి. బీట్‌రూట్ తురిమి రసం పిండాలి. పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరంతా ఇగిరిపోయేదాకా వట్టి పెనం మీద వేయించాలి. మిరియాలూ ధనియాలూ దంచాలి. నానిన ముద్దని కడగాలి, ఏడు నీళ్ళు. కడిగాక మిగిలిన జిగురుకి ఇవన్నీ పట్టించి, సాగదీసి, మెలిపెట్టి, గుడ్డలో మూటకట్టి ఆవిరికి పెట్టాలి. నిన్నటి మూట విప్పి, కోసి, కూర చేయాలి. అమ్మ ఆఖరి ముక్క మింగేదాకా ఎదురుగా కూర్చోవాలి. ఎనిమిదింబావు బస్సు అందుకోవాలి. అందుకోకపోతే, రికార్డుల గది తాళంచెవి తన సంచిలోనే ఉంది కాబట్టి, ఆఫీసు ఆఫీసంతా వరండాలో నిలబడి తనని తలుచుకుంటుంది.

ఇది ఏ ఒక్కరోజు పనుల పట్టికో కాదు. ఐదు నెలలుగా రోజూ ఇదే. ఆదివారం మాత్రం బస్సు ఉండదు, దాని బదులు బట్టలుంటాయి.

ఈ పట్టికంతా మోసే మనిషిని ఇంట్లోవాళ్ళు 'డిగ్రీ' అంటారు. అమ్మవైపూ నాన్నవైపూ కలిపి ఎంత వెతికినా, బడి మెట్లు దిగి కాలేజీ మెట్లెక్కింది ఆమె ఒక్కతే. పట్టా చేతికొచ్చిన రోజు అమ్మ దాన్ని మాంసం కొట్లో, కత్తులు తగిలించే గోడకే మేకు కొట్టి వేలాడదీసింది. "ఇక్కడ వేలాడేవన్నీ అమ్మకానికే అనుకునేరు, అదొక్కటీ కాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తర్వాత పెళ్ళయింది, నిలవలేదు. ఆరేళ్ళ కిందట డిగ్రీ ఒక్క పెట్టెతో అమ్మ దగ్గరికి వచ్చేసింది. ఎందుకొచ్చావని అమ్మ అడగలేదు. "పెట్టె మంచం కిందకి తొయ్యి, కాళ్ళకి అడ్డం రాకుండా" అంది, అంతే.

అమ్మని బజారులో కత్తి పెద్దమ్మ అనేవారు. మొగుడు పోయేనాటికి చేతిలో ఇద్దరు పిల్లలు, కొట్లో ఒక మొద్దు, మూడు కత్తులు. ఆడది మాంసం కొడితే ఎవరు కొంటారని నవ్వినవాళ్ళే నెల తిరక్కుండా వరసలో నిలబడ్డారు. ఆమె చేతిలో కత్తి ఎముకని వెతుక్కుంటూ పోయేది కాదు. ఎముక ఎక్కడుందో ముందే తెలిసినట్టు దాని పక్కనుంచి జారిపోయేది. నలభై ఏళ్ళు అలా కోసింది.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మే మాంసం కాగితంలో చుట్టి ఇచ్చేది. ఇంటికోసం పక్కన పెట్టుకున్నది మాత్రం తెల్లగుడ్డలో మూటకట్టి, ఒకదాని మీద ఒకటి రెండు ముడులు వేసేది. ప్లాస్టిక్ సంచులంటే ఆమెకి గిట్టదు. "చచ్చినదాన్ని మళ్ళీ ఊపిరాడకుండా చంపడమెందుకు" అనేది. రెండు ముడుల మూట కనిపించిందంటే అది ఇంటిది. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా ఇవ్వకూడదు. డిగ్రీకీ, ఆమె తమ్ముడికీ అక్షరాలకన్నా ముందు వచ్చింది ఆ ముడే.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం అమ్మ భోజనం చేసి లేచింది. కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు. పెదవులు వాచాయి. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు ఈల వేస్తూ ఊపిరి తీసింది. తమ్ముడు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచి, ఏవో పరీక్షలన్నీ చేసి, డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది.

"మీ ఒంటికి మాంసం పడటం మానేసిందమ్మా. పెద్దవయసులో ఒక్కొక్కరికి ఇలా అవుతుంది. ఇక ముట్టుకోకండి. ఏ మాంసమైనా సరే. ముక్కే కాదు, అది ఉడికిన నీళ్ళు కూడా వద్దు. ఇంకోసారి ఇలా వస్తే నా చేతుల్లో ఉండదు."

అమ్మ పైకప్పు వంక చూసింది. "నలభై ఏళ్ళు నేను దాన్ని కోశాను. ఇప్పుడది నన్ను కోస్తానంటోంది. న్యాయమేలే" అంది.

న్యాయమే అన్నది కానీ ఒప్పుకోలేదు. కూరగాయలు పెడితే "మేకలకి పెట్టేది నాకు పెడుతున్నావేంటే" అనేది. పప్పు పెడితే రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. అరవై ఒక్క కిలోల మనిషి నలభై ఏడుకి దిగింది. నలభై ఐదు దాటి కిందికి పోతే ఆస్పత్రిలో పడుకోబెట్టి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే అంది డాక్టరమ్మ. ఆ మాటకి అమ్మ భయపడలేదు సరికదా, ఇంటికొచ్చేదారిలో ఆటోలో కూతురి చెవిలో, "గొట్టం దాకా ఎందుకు? ఒక్క ముక్క, కొవ్వున్నది, బాగా వేయించింది పెట్టు. తిని పోతాను. నీకూ నాకూ పీడ విరగడైపోతుంది" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వులో నవ్వు లేదని డిగ్రీకి తెలుసు. ఆ రోజు నుంచి కింద వాటాలో తమ్ముడి ఇంట్లో మాంసం ఉడికే వాసన మెట్లెక్కి పైకి వస్తే చాలు, ఆమె చేతిలో పని వదిలేసేది. అమ్మ మెట్లవైపు చూస్తోందా, మంచం దిగుతోందా అని ప్రాణం గుమ్మంలో పెట్టుకుని ఉండేది.

దారి చూపింది ఆఫీసు క్యాంటీన్ వంటాయన. ఒకరోజు టీ తాగుతూ డిగ్రీ గోడు వెళ్ళబోసుకుంటే, ఆయన గరిటె పక్కన పెట్టి, "గోధుమపిండిని కడిగితే మాంసం వస్తుందమ్మా" అన్నాడు.

"రాయిని పిండితే పాలు కూడా వస్తాయా అన్నా?"

"నవ్వుతావేంటి? ముద్ద చేసి నీళ్ళలో పిసుకు. తెల్లదంతా నీళ్ళలో పోతుంది. పోగా చేతిలో ఏది మిగులుతుందో అదే. సాగుతుంది, నములుడు ఉంటుంది. ఉప్పూకారం నువ్వెలా చెబితే అలా వింటుంది."

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. మొదటి నీళ్ళు పాలలా వచ్చాయి. రెండోవి, మూడోవి కూడా అంతే. ఇక చేతిలో ఏమీ మిగలదనుకున్న సమయానికి, నాలుగో నీళ్ళలో ఆ ముద్ద ఒక్కసారి మారిపోయింది. అప్పటిదాకా కరిగిపోతున్నది కాస్తా పోగుల్లా పట్టుకుని వేళ్ళకి చుట్టుకుంది. ఏడో నీళ్ళకి తేటపడింది. గిన్నెడు పిండికి గుప్పెడు జిగురు. అడుగున పేరుకున్న తెల్లటి గంజి పారబోయబుద్ధి కాక ఆఫీసు బట్టలకి పెట్టుకుంది. అయిదు నెలల్లో ఆమె కాలర్లన్నీ అట్టముక్కల్లా అయిపోయాయి.

మొదటి ముద్దని కుతకుత ఉడికించింది. ఉబ్బింది. అమ్మ ఒక ముక్క తీసి బొటనవేలితో నొక్కి, అది మళ్ళీ ఎలా లేస్తోందో చూసింది. నలభై ఏళ్ళుగా మాంసం కొనేముందు ఆమె చేసే పరీక్ష అదే.

"గిన్నెలు తోముకునే స్పాంజి ఎందుకు వండావే?"

ఉడికించడం మానేసి ఆవిరికి పెట్టింది. "ఇది చెప్పు. పాతది. ఎడమ కాలిది." పుట్టగొడుగులు ఎక్కువ వేస్తే ముక్క విడిపోయింది. "దీనికి నాకంటే ముసలితనం వచ్చింది." బీట్‌రూట్ రసం ఎక్కువైతే కూరంతా ఎర్రగా తేలింది. "ఏం కోశావే, జేబురుమాలా?"

తిట్టాలంటే నమలాలి కదా. నమిలింది మింగాలి కదా. అమ్మ తిట్ల కోసం తింటోందని డిగ్రీకి మూడోవారంలో అర్థమైంది. అందుకని ఎదురు చెప్పేది కాదు. "అవునా, ఇంకో ముక్క తిని సరిగ్గా చెప్పు" అనేది.

అలా నెలన్నర గడిచాక ఒక ఆదివారం అమ్మకి ఓపిక నశించింది. తిని కాదు, చూసి. వంటగట్టు మీద కూతురు జిగురుముద్దని అటూ ఇటూ కుమ్ముతుంటే మంచం మీదనుంచి అరిచింది. "ఆపవే! చేతికొచ్చినట్టు కుమ్మితే మాంసమవుతుందా? ఇలా తే."

డిగ్రీ గిన్నెతో సహా తెచ్చింది.

"మాంసానికి దారుంటుందే. పోగులన్నీ ఒకవైపే నడుస్తాయి. అందుకే దాన్ని అడ్డంగా కోస్తాం, నోట్లో విడిపోతుందని. నీ ముద్దకి తలా లేదు, తోకా లేదు. దేనికి అడ్డంగా కోస్తావు?" అంటూ అమ్మ ఆ ముద్దని రెండు చేతులతో పట్టి లాగింది. తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది. మెలికని సగానికి మడిచి మళ్ళీ లాగింది. "ఇలా ఆరుసార్లు. తర్వాత గట్టిగా మూటకట్టి ఆవిరికి పెట్టు. దించగానే కోయకు. ఒక పూటంతా చల్లగా పడుండనీ. పనిచేసినవాళ్ళకే కాదు, మాంసానిక్కూడా విశ్రాంతి కావాలి."

తనకి కావాల్సిన మాట ఒకటి అందులో ఉందని డిగ్రీకి అనిపించింది. కానీ అప్పటికి గిన్నెలు తోమాల్సి ఉంది.

గుడ్డలో పెట్టి మూటకట్టేటప్పుడు వేళ్ళు వాటంతటవే రెండు ముడులు వేశాయి. ఇంటికోసం చేసింది కదా మరి.

ఆ మూట కోసినప్పుడు ముక్కల్లో గీతలు కనిపించాయి. వేలితో విరిస్తే పోగులుగా వచ్చింది. అమ్మ నొక్కి చూసి, ఏమీ అనకుండా తింది. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో పెద్ద మెప్పు. వారం తర్వాత తమ్ముడు పైకి వచ్చి, కంచంలోంచి ఒకటి నోట్లో వేసుకుని, నమలడం ఆపి, "అక్కా, ఇది ఏ భాగం?" అని అడిగాడు. అమ్మ పకపకా నవ్వింది. "మీ అక్క మోచెయ్యిరా" అంది. ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది. మరుసటి నెల డాక్టరమ్మ దగ్గర తూకం ముల్లు నలభై తొమ్మిది చూపించింది.

రెండు కిలోలు. ఆ రెండు కిలోల కోసం తను ఎన్ని నీళ్ళు మార్చిందో డిగ్రీ లెక్కవేయబోయి మానేసింది. తడి ఆరక వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. బీట్‌రూట్ మరక గోళ్ళ నుంచి పోలేదు. "ఎవర్ని చంపి వస్తున్నావమ్మా రోజూ?" అని ఆఫీసులో పెద్ద గుమాస్తా వేళాకోళమాడితే, "ఎవర్నీ చంపకుండా ఉండటానికే సార్ ఈ తిప్పలు" అంది. బస్సులో నిలబడే కునుకు తీయడం అలవాటైంది. ఒకసారి ఫైలు మీద తారీఖు రాయబోయి 'ఏడో నీళ్ళు' అని రాసేసి కొట్టేసింది.

తమ్ముడి ఫ్రిజ్ చెడిపోయింది ఆ రోజుల్లోనే. బాగుచేసేవాడు ఏదో సామాను రావాలన్నాడు. "అక్కా, నాలుగు రోజులు మా మూట నీ దాంట్లో పెడతాను" అని తమ్ముడు అడిగితే డిగ్రీ రెండువైపులా ఆలోచించింది. కాదంటే తమ్ముడి పిల్లలకి కూర పాడవుతుంది. ఔనంటే అమ్మకి పది అడుగుల దూరంలో మాంసం. చివరికి ఒక కట్టుబాటు పెట్టింది. పై అర తనది, కింది అర వాళ్ళది. మరదలు పొద్దున్నే మాంసం ఉడకబెట్టి, చల్లార్చి, సాయంత్రం వేయించుకోవడానికి వీలుగా తెచ్చి పెట్టేది. మూట కట్టేది తమ్ముడు. తెల్లగుడ్డ, రెండు ముడులు. అతనూ ఆ కొట్లో పెరిగినవాడే కదా.

నాలుగు రోజులు కాస్తా పన్నెండయ్యాయి.

పన్నెండోరోజుకి ఆఫీసులో తనిఖీ వారం. ఇరవై ఏళ్ళ కాగితాలు దుమ్ము దులిపి వరసపెట్టాలి. పెందలాడే వెళ్ళాల్సి రావడంతో కూర చేయడం సాయంత్రానికి జరిగింది. దుమ్ముకి డిగ్రీకి జలుబు పట్టి, ముక్కు రెండువైపులా మూసుకుపోయింది. ఒళ్ళు కాలుతోంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల ఎవరో మొద్దు మీద పెట్టి కొట్టినట్టుంది. సంచి కూడా దించకుండా ఫ్రిజ్ తెరిచి, పై అరలోంచి మూట తీసి, రెండు ముడులూ విప్పింది.

మధ్యాహ్నం మరదలు పాలగిన్నె పెట్టుకోవడానికి చోటు చేస్తూ పైది కిందకీ, కిందది పైకీ మార్చింది. మార్చిన సంగతి ఆమెకే గుర్తులేదు. అందులో ఆమె తప్పూ లేదు. బయటికి రెండూ ఒక్కలాంటివే.

డిగ్రీ కత్తి తీసింది. పోగుల దారి చూసి అడ్డంగా కోసింది. ఎంత బాగా వచ్చాయో ముక్కలు! గీత గీతగా, గోధుమరంగులో, అంచున కాస్త తడి మెరుస్తూ. ఇవాళ్టిది బాగా కుదిరిందే అనుకుంది. ఐదు నెలల్లో మొదటిసారి తన పనిని చూసి తనకి కాస్త గర్వమనిపించింది. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాల పొడి వేసి వేయించింది. మూసుకుపోయిన ముక్కుకి వాసన తెలియలేదు. పెనం మీదనుంచి అది అమ్మ గదిలోకి వెళ్ళే ఉంటుంది. కింద వాటా నుంచి రోజూ వచ్చే వాసనే అని అమ్మ అనుకుంది కాబోలు.

కంచం అమ్మ ముందు పెట్టింది. రోజూ ఎదురుగా కూర్చునే మనిషి ఆ రోజు కూర్చోలేకపోయింది. "మొహం కడుక్కొస్తానమ్మా, నువ్వు మొదలుపెట్టు" అని వంటగదిలోకి వెళ్ళి, అలమరాకి వీపు ఆనించి, నేలమీద చతికిలబడింది. కళ్ళు మూసుకుంది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. అది కట్టేయాలి అనుకుంది. లేవలేదు.

"డిగ్రీ."

అమ్మ గొంతు. తిట్టేటప్పటి గొంతు కాదు.

"ఇలా రా అమ్మా."

'అమ్మా' అన్న ఆ పిలుపుకే ఆమె లేచింది. అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. కంచం ఒళ్ళో ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక ముక్క. దాన్ని తదేకంగా చూస్తోంది.

"ఇది నువ్వు చేసింది కాదు."

"బాలేదా?"

"బాగుందే. అదే గొడవ."

డిగ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కంచం లాగేసుకుంది. ముక్కలు మంచం మీదా నేలమీదా చెల్లాచెదురయ్యాయి. "తిన్నావా? అమ్మా, తిన్నావా? నోరు తెరువు. తెరువంటున్నానా!"

"తినలేదే."

"ఒట్టు?"

"తింటే ఇలా మాట్లాడతానా? పెదవి దాకా తీసుకెళ్ళాను. అంతే. దించేశాను."

అమ్మ చేతులు సబ్బుపెట్టి మూడుసార్లు కడిగింది. పెదవులు తుడిచింది. తన చేతులు కూడా కడుక్కుంది, ఎందుకో తెలియకుండానే. తమ్ముడిని కేకేసింది. అతను డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. మింగకపోతే భయం లేదనీ, ఒక గంట కనిపెట్టి చూడమనీ, ఊపిరి ఏమాత్రం బరువైనా తీసుకొచ్చేయమనీ చెప్పింది. ఆ గంటా డిగ్రీ అమ్మ పెదవులనే చూస్తూ కూర్చుంది. ముక్కని పట్టుకున్న వేళ్ళ దగ్గర నాలుగు ఎర్రటి దద్దుర్లు లేచాయి. అమ్మ వాటిని గోక్కుంది. అంతకుమించి ఏమీ కాలేదు.

తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడి, "ముడి వేసింది నేనే. నేనే అమ్మా" అని అదేపనిగా అంటున్నాడు.

"ఆపరా. నేర్పింది నేనేగా" అంది అమ్మ.

గంట దాటాక డిగ్రీకి ఏడుపొచ్చింది. అప్పటిదాకా దానికి తీరిక లేకపోయింది. మంచం పట్టె మీద తలపెట్టి ఏడుస్తూనే అడిగింది. "ఎనిమిది నెలల్నుంచీ ముక్క ముక్క అని కలవరిస్తున్నావు. చేతిలోకే వచ్చిందిగా. ఎవరూ చూడటం లేదుగా. ఎందుకు దించావు?"

అమ్మ నేలమీద పడిన ముక్కలవంక చూసింది. ఆ చూపులో ఆశ లేదని అబద్ధం చెప్పడమెందుకు, ఉంది.

"వేలు ఆనించగానే తెలిసిపోయిందే. నొక్కితే అది లేచే తీరు వేరు. ఎంతసేపు పట్టుకున్నానో తెలుసా? పొరుగింటి రేడియోలో ఒక పాట మొదలై అయిపోయింది. తిందామనే అనుకున్నాను. ఏముంది, తినేద్దాం, పోదాం అనుకున్నాను."

"మరి?"

"వండింది నువ్వు. పెట్టింది నువ్వు. నేను పోతే హాయిగా పోతాను. నువ్వు మాత్రం బతికినన్నాళ్ళూ మా అమ్మకి నా చేత్తో పెట్టి చంపుకున్నానని కూర్చుంటావు. పొరపాటని వెయ్యిమంది చెప్పినా వినవు, నీ సంగతి నాకు తెలీదా?" అని కూతురి తలమీద చెయ్యి వేసింది. "రికార్డుల గదిలో పనిచేసేదానివి. నీ రికార్డులో ఆ మరక నాకెందుకే. బీట్‌రూట్ మరకలు చాలవూ?"

డిగ్రీ ఏడుస్తూ నవ్వింది. ముక్కు మూసుకుపోయి ఉండటంతో ఆ నవ్వు వింత చప్పుడుగా వచ్చింది.

తమ్ముడు వంగి ముక్కలన్నీ ఏరాడు. నేల తుడిచాడు. వెళ్ళబోతుంటే అమ్మ ఆపింది.

"ఒరేయ్. ఇవాళ్టి నుంచి నువ్వు నీ ఇంటిదాన్ని కాగితంలో చుట్టుకో. రెండు ముడులు ఇక మీ అక్క వేస్తుంది. ఈ ఇంటి మూట అది."

అతను తలూపాడు. చిన్న మాటే. కానీ ఆ ముడి ఆమె జీవితమంతా ఎవరికీ ఇవ్వనిది. మాంసానికి వేసిన ముడిని విప్పి, కడిగిన గోధుమపిండికి ఇచ్చేసింది. తమ్ముడు ఆ రాత్రికి రాత్రే తన సామానంతా ఫ్రిజ్‌లోంచి తీసుకెళ్ళిపోయాడు. కాసేపటికి మరదలు పైకి వచ్చి, "వదినా, నా వల్లే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పాలు పొంగుతున్నాయేమో చూసుకో పో" అని అమ్మే పంపేసింది.

మర్నాడు డిగ్రీ లేచేసరికి కిటికీలో ఎండ బాగా ముదిరింది. ఉలిక్కిపడింది. పిండి కలపలేదు. మాత్రలు ఇవ్వలేదు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. లేవబోతే ఒళ్ళు లేవలేదు; జ్వరం. వంటగదిలోంచి నీళ్ళ చప్పుడు.

గోడ పట్టుకుని వెళ్ళి చూసింది. అమ్మ పీట మీద కూర్చుని, ముందు పెద్ద గిన్నె పెట్టుకుని, పిండిముద్దని కడుగుతోంది. మోచేతుల దాకా తెల్లగా ఉంది. పక్కన మాత్రల కాగితం. నాలుగూ వేసుకున్నట్టుంది, తెల్లది మాత్రం విరవకుండా మొత్తం మింగేసింది.

"తాళంచెవి?" అంది డిగ్రీ. నోట ముందు వచ్చిన మాట అదే.

"మీ తమ్ముడు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. జ్వరమని చెప్పమన్నాను. పడుకో."

"ఎన్నో నీళ్ళు?"

"నాలుగు. ఏడు కాదే, దీనికి ఎనిమిది పట్టేట్టుంది. ఎక్కడ తెచ్చావు ఈ పిండి? పిండి కొనడం కూడా రాదు, డిగ్రీ అట."

డిగ్రీ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అమ్మ చేతుల్లో ఆ ముద్ద కరుగుతూ కరుగుతూ, పట్టు కుదిరి, పోగులుగా వేళ్ళకి చుట్టుకోవడం చూసింది. అమ్మ దాన్ని పైకెత్తి, బొటనవేలితో నొక్కి, లేచిన తీరు చూసి, మూతి విరిచి, మళ్ళీ నీళ్ళలో ముంచింది. ఐదో నీళ్ళు మార్చడం డిగ్రీ చూడలేదు. గడపకి తల ఆనించి నిద్రపోయింది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. అమ్మకి ముక్క ఇప్పటికీ కలలోకి వస్తుంది. లేచి "ఎంత బాగుందో" అని చెబుతుంది కూడా. డిగ్రీ ఇప్పటికీ బస్సులో నిలబడి నిద్రపోతుంది. పొద్దుటి పట్టికలో ఒకే ఒక్క పని తగ్గింది: పిండి కడగడం. అది కత్తి పెద్దమ్మ పని. కిందటిసారి ముల్లు యాభై ఒకటిన్నర చూపించింది. ఇది మాంసంలా ఉందని మాత్రం ఆమె ఇంతవరకూ ఒక్కసారీ అనలేదు. "దేనిలానో ఎందుకుండాలి దానికి" అంటుంది.

మీరెప్పుడైనా గోధుమపిండి ముద్దని నీళ్ళలో కడుగుతూ, అంతా కరిగిపోతోంది, ఇక చేతిలో ఏమీ మిగలదు అనుకుంటే, నాలుగో నీళ్ళ దాకా ఓపిక పట్టండి. అప్పుడు వేళ్ళకి ఏదో చుట్టుకుంటుంది. దాన్ని పారేయకుండా బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, పెదవి దాకా వెళ్ళిన ముక్కని కూతురి కోసం కిందకి దించిన ఆ తల్లిని కాస్త తలుచుకోండి.